తలుపు తీస్తే దిగే మెట్టు

మా పికప్ ఎక్కాలంటే అమ్మ ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో నా భుజం పట్టుకోవాలి. మోకాళ్ల నొప్పితో ఆ ఒక్క అడుగే ఆమెకి కొండంత. అందుకే పవర్ రన్నింగ్ బోర్డులు, అంటే తలుపు తీయగానే మోటారుతో కిందికి దిగే మెట్లు, తెప్పించి నేనే బిగించాను.

బ్రాకెట్లు, మోటార్లు తొందరగానే అయిపోయాయి. అసలు పనంతా వైరింగే. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి, అక్కడి నుంచి 12 వోల్టుల వైరును ఇంజిన్ వేడికీ, కదిలే భాగాలకీ తగలకుండా ఛాసిస్ వెంట తీసుకెళ్లి, అడుగడుక్కీ టై వేసి కట్టాలి. ఇక్కడ ఓపిక పట్టాల్సిందే. వదులుగా వదిలేస్తే వైరు ఒరుసుకుపోయి షార్టవుతుంది.

అంతా అయ్యాక తలుపులు తీస్తే డ్రైవర్ వైపు బోర్డు దిగింది, అమ్మ కూర్చునే వైపుది కదల్లేదు. గుండె జారిపోయింది. గంటసేపు వెతికితే తేలిందేమిటంటే, ఒక కనెక్టర్ టిక్కుమనేదాకా లోపలికి వెళ్లలేదు. దాన్ని గట్టిగా నొక్కానంతే!

ఇక బోర్డుల కీళ్లలో బురద పేరుకుని బిగుసుకుపోకుండా అప్పుడప్పుడూ కడుగుతుండాలి. అది నా బాధ్యత.

నిన్న అమ్మ తలుపు తీసింది. మెట్టు మెల్లగా దిగి ఆగింది. చెప్పుతో ఒకసారి తట్టి చూసి, నా భుజం పట్టుకోకుండానే ఎక్కి కూర్చుంది.