సార్టెక్స్ లెన్స్‌తో తామర పురుగును చూశాను

మా మేనమామది నర్సంపేట దగ్గర మూడెకరాల మిర్చి చేను. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు పడి పూతంతా రాలిపోయింది. చేనులో నిలబడి ఒక పువ్వు తెంపి, తెల్ల కాగితం మీద తట్టి చూపించాడు. మిల్లీమీటరు పొడవు నల్ల గీతలు చకచకా పాకుతున్నాయి. ఫోన్‌తో తీస్తే మిరియాల పొడి చల్లినట్టు వచ్చింది. పెళ్లిళ్లు తీసే నా పెద్ద కెమెరాతోనూ అంతే. "గింత పెద్ద కెమెరా పెట్టుకున్నవ్, గీ పురుగు కనవడదా అల్లుడా?" అన్నాడు మామ. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

చిన్నవాటిని దగ్గర నుంచి తీసే మామూలు మాక్రో లెన్స్, వస్తువును సెన్సార్ మీద, అంటే కెమెరా లోపల బొమ్మ పడే పలక మీద, దాని అసలు సైజులోనే పడేస్తుంది. మిల్లీమీటరు పురుగు సెన్సార్ మీద కూడా మిల్లీమీటరే. నా సెన్సార్ వెడల్పు 22 మిల్లీమీటర్లు. కనీసం 5 రెట్లు పెంచితే తప్ప కాళ్లూ రెక్కలూ తెలియవు. అలా పెంచే లెన్స్ కొనాలంటే రెండు పెళ్లిళ్ల డబ్బులు పెట్టాలి.

దారి సుల్తానాబాద్‌లో దొరికింది. అక్కడ ఒక రైస్ మిల్లులో నా స్నేహితుడు ఆపరేటర్. వాళ్లు పాత కలర్ సార్టర్ తీసేసి కొత్తది బిగించారు. మిల్లుల్లో దాన్ని అందరూ సార్టెక్స్ అనే అంటారు. బియ్యం ఏటవాలు రేకు మీద జారి పడుతుంటే లోపలి కెమెరా ఒక్కో గింజనూ చూస్తుంది. నల్ల గింజో రాయో కనబడగానే సన్నటి గాలి దెబ్బతో పక్కకు కొడుతుంది. అంత పని చేసే కెమెరా ముందు ఎంత మంచి గాజు ఉండాలి? పాత మిషన్ స్క్రాప్‌కు పోతోందని తెలిసి మరుసటి రోజే బస్సెక్కాను. 800 రూపాయలకు ఒక లెన్స్ ఇచ్చారు. ఫోకల్ లెంగ్త్, అంటే దూరపు వెలుగును లెన్స్ కూడగట్టే దూరం, 50 మిల్లీమీటర్లు. ఫోకస్ తిప్పే రింగు లేదు, అపర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం, కదలకుండా బిగించే చిన్న స్క్రూ మాత్రం ఉంది. చేతిలో పట్టుకుంటే ఇనుప ముక్కంత బరువు.

దాని మీద తౌడు, ఊక దుమ్ము అంగుళం మందాన ఉన్నాయి. ఇక్కడ ఎవరైనా చేసే తప్పు, తువ్వాలుతో తుడిచేయడం. ఊకలో ఉండేది సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. రుద్దితే గాజు మీద గీతలు పడతాయి. మిల్లులో ఎవరో అప్పటికే తుడిచినట్టున్నారు, టార్చి వేస్తే వెంట్రుకల్లాంటి గీతలు కనిపించాయి. నేను ముందు బ్లోయర్‌తో ఓపిగ్గా ఊదాను, తర్వాత మెత్తటి బ్రష్, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన లెన్స్ టిష్యూ. సన్న గీతల వల్ల ఫోటో పాడవదు. వెలుగు నేరుగా గాజు మీద పడితేనే కాస్త తెల్లదనం వస్తుంది.

ఇక దీన్ని కెమెరాకు తగిలించాలి. లెన్స్ తీసినప్పుడు కెమెరాకు పెట్టే మూత, బాడీ క్యాప్‌కు మధ్యలో రంధ్రం చేసి పివిసి పైపు అతికించాను. పైపు రెండో కొసకు లెన్స్ మర పట్టే అల్యూమినియం రింగు కావాలి. కాజీపేటలో మా ఇంటి దగ్గర లేత్ షాపు మేస్త్రి దగ్గరికి వెళ్లి, "42 మిల్లీమీటర్ల మర కోసివ్వన్నా" అన్నాను. వెర్నియర్‌తో కొలిచింది అదొక్కటే. రింగు చేశాడు. ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. బలవంతంగా తిప్పబోతుంటే మేస్త్రి నా చేయి పట్టుకుని ఆపాడు. "పిచ్ ఎంతనో చెప్పకుంట కోయమంటే ఎట్ల తమ్మీ?" అని గేజ్ తెచ్చి లెన్స్ మరకు ఆనించాడు. మరకూ మరకూ మధ్య దూరం 1 మిల్లీమీటరు. ఆయన కోసింది 0.75. కెమెరా సామాన్లలో ఈ రెండు రకాల 42 మరలూ ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. లెన్స్ అంచు మీద చిన్న నొక్కు పడింది, అది ఇప్పటికీ ఉంది.

కొత్త రింగుతో తీసిన మొదటి ఫోటో చూసి నీరుగారిపోయాను. మధ్యలో పర్వాలేదు, అంచులు అలుక్కుపోయాయి. రెండు రాత్రులు తలబద్దలు కొట్టుకున్నాక విషయం అర్థమైంది. సార్టర్‌లో ఈ లెన్స్ ముందు వెడల్పాటి బియ్యం ధార, వెనక చిన్న సెన్సార్. పెద్దదాన్ని చిన్నగా చేయడం దాని పని. నాకు కావాల్సింది దానికి సరిగ్గా తలకిందులు. అయితే లెన్స్‌నే తిరగేయాలి, సెన్సార్ వైపు ఉండాల్సిన ముఖం పురుగు వైపు పెట్టాలి. అప్పుడు గాజుకు ఏ దూరాలకు పని నేర్పారో ఆ దూరాల్లోనే పనిచేస్తుంది. ముందువైపు ఫిల్టర్ మర 40.5. ఈసారి మేస్త్రే గేజ్ పట్టుకుని 0.5 పిచ్ చూసుకుని రింగు కోశాడు. తిరగేసిన లెన్స్‌తో చీమ కన్ను తీశాను. కన్ను మీది చిన్న చిన్న అరలు అంచు దాకా విడివిడిగా కనిపించాయి. ఆ రాత్రి మా ఆవిడను నిద్ర లేపి మరీ చూపించాను.

లెక్కలు సులువే. 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో 5 రెట్లు కావాలంటే లెన్స్ నుంచి సెన్సార్‌కు సుమారు 300 మిల్లీమీటర్లు ఉండాలి, పురుగు 60 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అపర్చర్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. దాన్ని ఎఫ్ అంకెతో చెప్తారు, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. పెళ్లిళ్లలో గ్రూప్ ఫోటోకు ఎఫ్ 8 పెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. 5 రెట్లలో ఎఫ్ 4 పెడితే అది ఎఫ్ 24లా పనిచేస్తుంది. ఎఫ్ 8 పెడితే 48, బొమ్మంతా మెత్తబడిపోతుంది. నేను 4 దగ్గర స్క్రూ బిగించి మళ్లీ ముట్టుకోలేదు.

ఫోటో మధ్యలో పాల మరకలాంటి తెలుపు ఒకటి ఉండేది. పైపు లోపలి నునుపే కారణం. బట్టల షాపులో నల్ల వెల్వెట్ తెచ్చి అతికిస్తే దాని నూగు రాలి సెన్సార్ మీద పడింది. తర్వాత స్టేషనరీ షాపులో దొరికే నల్ల వెల్వెట్ పేపర్ చుట్టి లోపల పెట్టాను, మరక పోయింది. వెలుగుకు నా పెళ్లిళ్ల ఫ్లాషే. పురుగు చుట్టూ ట్రేసింగ్ పేపర్ గొట్టం పెడితే వెలుగు మెత్తగా పడుతుంది.

అసలు కష్టం ఫోకస్. ఇంత దగ్గర స్పష్టంగా కనిపించే మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అందుకని కొంచెం కొంచెం జరుపుతూ చాలా ఫోటోలు తీసి సాఫ్ట్‌వేర్‌తో కలపాలి, స్టాకింగ్ అంటారు. నేను జెరీన్ స్టాకర్ వాడాను. మేస్త్రి తన దగ్గరున్న పాత మైక్రోమీటర్ హెడ్‌ను జారే పలకకు బిగించి ఇచ్చాడు. ఒక గీత తిప్పితే 0.01 మిల్లీమీటరు. నాలుగు గీతలు తిప్పడం, ఆగడం, ఒక ఫోటో. ఫ్యాన్ ఆపాల్సిందే. మాది జంక్షన్ పక్క ఇల్లు, రైలు పోతే బల్ల వణికి ఫోటోలు ఒకదానిమీద ఒకటి కూర్చోవు. గూడ్స్ బండి శబ్దం దూరంగా వినబడితే చేయి తీసేసి కూర్చునేవాణ్ని. అర్ధరాత్రి దాటాక రెండు బళ్ల మధ్య దొరికే పది నిమిషాల్లో ఒక స్టాక్ పూర్తయ్యేది.

తామర పురుగులను మొదట స్పిరిట్‌లో వేసి తెచ్చుకున్నాను. అది పొరపాటు. రెక్కల వెంట్రుకలన్నీ తడిసిన కోడి ఈకల్లా అంటుకుపోయాయి. తర్వాత పువ్వులతో సహా డబ్బాలో తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టాను. ముడుచుకున్న రెక్కను సన్న కుంచె కొసతో విప్పాలి. ఆరు పురుగులు పాడయ్యాయి, ఏడోది కుదిరింది. 20 ఫోటోలు తీసి కలిపాను.

స్క్రీన్ మీద అది తేలగానే కాసేపు కదల్లేదు. రెక్క అంటే మనం అనుకునే పొర కాదు. ఈతకమ్మలా మధ్యలో సన్నటి ఈనె, రెండు వైపులా పొడుగాటి వెంట్రుకలు. అలాంటివి రెండు జతలు. ముదురు గోధుమ ఒళ్లు, తల పక్కన ఎర్రటి కన్ను.

ఏ4 సైజు ప్రింట్ తీసి నర్సంపేట తీసుకెళ్లాను. మామ అరుగు మీద కూర్చుని దాన్ని దూరంగా పట్టుకుని, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "గిదా మనల్ని ముంచింది!" అన్నాడు. ఎక్కడిది ఇది అని అడిగాడు. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారని చెప్పాను. దీనికి ఎడమ దవడ ఒక్కటే ఎదుగుతుందని, దాంతో పువ్వును గీరి రసం పీలుస్తుందని చెప్తే, చెట్టు దగ్గరికి తీసుకెళ్లి ఒక రేకు మీది గోధుమ రంగు గీతలు చూపించాడు. "గివి గా గీరిన జాడలే గదా?" అన్నాడు.

వారం తిరక్కుండా మామ కాజీపేట వచ్చాడు. చేతిలో క్యారీ బ్యాగు, దాంట్లో మూడు మూటలు. తన చేనులో పువ్వులు ఒకటి, పక్క చేనువి రెండు. ఏ మూట ఎవరిదో చీటీ రాసి కట్టాడు. "వీట్ల గూడ అదేనా, వేరేదా, ఒకసారి పెట్టి చూడు అల్లుడా" అన్నాడు. ఫ్రీజర్‌లో చోటు చేశాను.