రెండో గేరు చిక్కు: ఆరు వారాల తర్వాత ఒక జాడ

లోపం దొరికింది! గేర్‌బాక్స్‌లో కాదు, బ్యాటరీ ట్రే కింద. ఇంకా బాగుచేయలేదు కానీ, నిన్న రాత్రి ఒక తీగలో 2.8 వోల్టులు పడిపోవడం మీటరులో చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు.

కారు 2009 నాటిది, నాలుగు గేర్ల ఆటోమేటిక్. చల్లగా ఉన్నంతసేపు ఏ లోపమూ ఉండదు. పాతిక నిమిషాలు నడిపి బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ దిగేసరికి ఒక్క కుదుపు, ఆపైన మూడో గేరులోనే బిగుసుకుపోతుంది. ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలే. కారు కంప్యూటర్ చూపే లోపం కోడు ప్రతిసారీ పి0760, అంటే మా కారులో రెండో గేరు సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే ఆయిలు వాల్వు) సర్క్యూట్.

గేర్‌బాక్స్ మొత్తం విప్పాలని ఇద్దరు మెకానిక్‌లు చెప్పారు. నేను ఒప్పుకోలేదు. లోపం కనబడగానే కంప్యూటర్ సోలెనాయిడ్లకు కరెంటు ఆపేస్తుంది. అప్పుడు గేర్‌బాక్స్ లోపలి అండర్‌డ్రైవ్, ఓవర్‌డ్రైవ్ అనే క్లచ్‌లు రెండూ పట్టుకుని మూడో గేరు పడుతుంది. ఆ గేరులో జారకుండా లాగుతోందంటే ఆ రెండు క్లచ్‌లూ బాగున్నట్టే కదా.

గేర్‌బాక్స్ ఆయిలు మార్చాను, దానికి చెప్పిన ఎస్పీ-3 రకమే, 3.9 లీటర్లు పట్టింది. అన్ని కార్లకూ పనికొస్తుందని డబ్బా మీద రాసి అమ్మే ఆయిళ్ళను నేను నమ్మను.

ఇక సోలెనాయిడ్. 20 డిగ్రీల దగ్గర 2.7 నుంచి 3.4 ఓమ్‌లు ఉండాలి. గేర్‌బాక్స్ కనెక్టర్ దగ్గర చల్లగా ఉన్నప్పుడు 3.1 వచ్చింది. వేడి మీద 3.7. రాగి తీగ వేడెక్కితే అంత పెరగడం సహజమే. కంప్యూటర్ వైపు నుంచి కొలిచినా దాదాపు అంతే. తీగ బాగుందనుకుని ఇక్కడే నాలుగు వారాలు పోగొట్టుకున్నాను. కనెక్టర్ పిన్నులు శుభ్రం చేశాను, రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్ళీ అదే కోడు.

ఓమ్ మీటరు పంపేది మిల్లీ ఆంపియర్లే, అంత తక్కువ కరెంటులో తీగ లోపం బయటపడకపోవచ్చు. సోలెనాయిడ్ లాగేది దాదాపు 4 ఆంపియర్లు. అందుకే నిన్న కంప్యూటర్ నుంచి సోలెనాయిడ్‌కు వెళ్ళే తీగను రెండు వైపులా విడదీసి, 55 వాట్ల హెడ్‌లైటు బల్బు తగిలించి బ్యాటరీ కరెంటు పంపాను. మిగతా మూడు సోలెనాయిడ్ల తీగల్లో 0.2 వోల్టులు పడిపోతే, ఇందులో చల్లగా 0.4, బానెట్ కింద వేడి పట్టాక 2.8! తీగను వేలితో కదిపితే బల్బు మిణుకుమంది. టేపు విప్పితే ట్రే కింద ఒక అంగుళం మేర పచ్చగా చిలుము. పాత బ్యాటరీ నుంచి కారిన ఆసిడ్ పనే అనుకుంటున్నాను. పక్క తీగలకూ పాకిందేమో ఇంకా చూడాలి.

ఆదివారం ఆ ముక్క కోసి కొత్త తీగ వేస్తాను. టంకం పెట్టను, క్రింప్ చేసి (నొక్కి బిగించి), వేడికి ముడుచుకునే ష్రింక్ ట్యూబ్ తొడుగుతాను. అదురుండే చోట టంకం అంచున తీగ విరుగుతుంది. ట్రేకు రంగు వేసి, సీల్డ్ బ్యాటరీ పెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో అదే దారిన ఆయిలు ఉష్ణోగ్రత రాసుకుంటూ నడుపుతాను. అది 100 డిగ్రీలు దాటితే వేసవిలోగా చిన్న ఆయిల్ కూలర్ బిగించాలి. దానికి బంపరు వెనక చోటుందో లేదో ఇవాళే కొలుస్తున్నాను.