బెలిచిక్ వచ్చాక మా చాపెల్ హిల్

2025 సీజన్ అయిపోయి ఆరు వారాలు దాటింది. ఇప్పటికీ గుడికెళ్లినా, ఎవరింట్లో పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్లినా నన్ను చూడగానే ఒకటే ప్రశ్న, "అన్నా, మీ బెలిచిక్ సంగతేంటి?" అని. బెలిచిక్ అంటే చాపెల్ హిల్‌లో ఉన్న మా నార్త్ కరోలినా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు కోచ్. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. చుట్టుపక్కల ఊళ్లు కేరీ, మోరిస్‌విల్‌లో ఉండే మనవాళ్లలో కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్లు తక్కువ. క్రికెట్ అయితే ఊరంతా మాట్లాడుతుంది. కానీ ఈ పేరు మాత్రం అందరికీ తెలుసు. నిలబడి ప్లేటు పట్టుకుని ఒక్క మాటలో జవాబు చెప్పడం నా వల్ల కావట్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను 2010లో ఎమ్మెస్ కోసం నార్త్ కరోలినా యూనివర్సిటీలో చేరాను. ఇక్కడ బాస్కెట్‌బాల్ అంటే దేవుడు, మైకేల్ జోర్డాన్ ఆడిన కాలేజీ మరి. ఫుట్‌బాల్ అంటే శనివారం మధ్యాహ్నం పైన్ చెట్ల మధ్య ఉన్న కీనన్ స్టేడియంలో లేత నీలం చొక్కాలేసుకుని కూర్చుని, సగం సార్లు ఓడిపోయి, మళ్లీ ఫ్రాంక్లిన్ స్ట్రీట్ దాకా నడుచుకుంటూ రావడం. కాన్ఫరెన్స్, అంటే మేం ఆడే కాలేజీల లీగ్, టైటిల్ చివరిసారి గెలిచింది 1980లో, నేను పుట్టకముందు. నేను చేరిన మరుసటి ఏడాది సీజన్ ఇంకో నెలలో మొదలవుతుందనగా బుచ్ డేవిస్‌ను తీసేశారు. తర్వాత లారీ ఫెడోరా వచ్చారు. 2015లో 11 మ్యాచ్‌లు గెలిపించి మమ్మల్ని ఆకాశానికెత్తి, 2018కి వచ్చేసరికి రెండే రెండు గెలుపులతో వెళ్లిపోయారు. కాబట్టి కోచ్‌లు రావడం, పోవడం, ఓడిపోవడం నాకు కొత్తేం కాదు. ఈసారి బాధ వేరే రకం.

దాని గురించి చెప్పాలంటే ముందు మ్యాక్ బ్రౌన్ గురించి చెప్పాలి. ఆయన 1988 నుంచి 97 దాకా ఇక్కడే కోచ్, తర్వాత టెక్సాస్ వెళ్లి 2005 సీజన్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచి, 2019 సీజన్‌కి మళ్లీ మా దగ్గరికొచ్చారు. మా కాలేజీ చరిత్రలో ఆయనకన్నా ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన కోచ్ లేరు. చివరికొచ్చేసరికి జట్టు చేజారిపోయింది, అది నేనూ ఒప్పుకుంటాను. 2024 సెప్టెంబర్‌లో జేమ్స్ మాడిసన్ అనే చిన్న జట్టు మా సొంత మైదానంలోనే 70 పాయింట్లు కొట్టింది. 70! మేం 50 చేసి కూడా ఓడిపోయాం. ఆ రోజు స్టాండ్స్‌లో నా పక్కన కూర్చున్న పెద్దాయన, ముప్పై ఏళ్లుగా వస్తున్నానని చెప్పిన మనిషి, స్కోర్‌బోర్డు వైపు చూడటం మానేసి చేతుల్లో ఉన్న టోపీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

కానీ అదే సీజన్‌లో అక్టోబర్ 12 కూడా ఉంది. టైలీ క్రాఫ్ట్ అని మా రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) ఒకడు, 2022లో ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడి ఆడటం ఆగిపోయిన కుర్రాడు. ఆడలేకపోయినా వాణ్ణి జట్టులో ఒకడిగానే ఉంచుకున్నారు. జార్జియా టెక్‌తో మ్యాచ్ ఉన్న రోజునే వాడు చనిపోయాడు. ఆట ముగిశాక మ్యాక్ బ్రౌన్ ఆ వార్త చెప్పారు. ఇంట్లో మనవడు పోతే ఒక తాతయ్య ఎలా మాట్లాడతాడో అలాగే అనిపించింది నాకు. నా దృష్టిలో కాలేజీ కోచ్ అంటే అది. పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ణి వాళ్లమ్మ దగ్గర్నుంచి తీసుకొచ్చి, నాలుగేళ్లు నీ పిల్లాడిలా చూసుకుని, మనిషిని చేసి పంపడం. నా కొడుకుని ఎవరి చేతిలోనైనా పెట్టాల్సొస్తే అలాంటి మనిషి చేతిలో పెడతాను.

నవంబర్‌లో ఆయన వచ్చే ఏడాది కూడా ఉంటానని సోమవారం చెప్పారు, మంగళవారం కాలేజీ ఆయన్ని తీసేసినట్టు ప్రకటించింది. తీసేయడం తప్పని నేను అనను. కానీ పద్ధతి నాకు నచ్చలేదు.

ఆ తర్వాత రెండు వారాల్లో బిల్ బెలిచిక్ పేరు బయటికొచ్చింది. మొదట నమ్మలేదు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌ను 24 ఏళ్లు నడిపి హెడ్ కోచ్‌గా ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను 6 సార్లు గెలిచిన మనిషి, 72 ఏళ్ల వయసులో, జీవితంలో ఒక్కరోజు కూడా కాలేజీ జట్టుకి కోచ్‌గా చేయని మనిషి, మా దగ్గరికా? ఏడాదికి కోటి డాలర్లు, ఐదేళ్ల కాంట్రాక్టు. 2024 డిసెంబర్ 12న ప్రెస్ మీట్ పెట్టారు, నేను ఆఫీసులో మీటింగ్ వదిలేసి మరీ చూశాను. వాళ్ల నాన్న 1950ల్లో ఇక్కడే అసిస్టెంట్ కోచ్‌గా చేశారు, ఈయన అప్పుడు చంటి పిల్లాడు. "బీట్ డ్యూక్" (పక్క ఊరు డర్హమ్‌లో ఉన్న మా పాత ప్రత్యర్థి డ్యూక్ యూనివర్సిటీని ఓడించు) అనేదే తను నేర్చిన మొదటి మాటల్లో ఒకటని ఇంట్లో చెప్పేవారట. అది విన్నప్పుడు నా ఒళ్లు పులకరించింది, నిజం. ఎవరో పరాయివాడు కాదు, మనవాడే ఇంటికొచ్చాడనిపించింది.

మనసులో ఇంకో లెక్క కూడా ఉంది. ఇప్పుడు కాలేజీ ఫుట్‌బాల్ పాత కాలేజీ ఫుట్‌బాల్ కాదు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బులిస్తున్నాయి, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనే జాబితాలో పేరు పెట్టుకుని ఆటగాళ్లు ఏటా కాలేజీ మారొచ్చు. అంటే ఇదిప్పుడు ప్రొఫెషనల్ ఆటే, అలాంటప్పుడు ప్రొఫెషనల్ కోచ్ కన్నా ఎవరు మెరుగ్గా నడుపుతారు? ఈ వాదన నేను నా స్నేహితుడితో గంటలు గంటలు చేశాను. వాడు డ్యూక్‌లో చదివి డర్హమ్‌లో ఉద్యోగం చేస్తాడు, వాడూ నేనూ ఒంగోలులో ఒకే వీధి. "బావా, పేరు చూసి సంబంధం చేసుకుంటున్నారు, పిల్లాడు కాపురం చేస్తాడో లేదో ఎవరూ అడగట్లేదు" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే కోపం రావట్లేదు.

2025 సెప్టెంబర్ 1, లేబర్ డే సోమవారం రాత్రి, టీసీయూతో (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మొదటి మ్యాచ్. సీజన్ టికెట్లు ముందే అమ్ముడైపోయాయి, నేనూ మా అబ్బాయీ మధ్యాహ్నం మూడింటికే చేరుకున్నాం. పదిహేనేళ్లలో ఆ ఊరిని అలా చూడలేదు. జోర్డాన్ వచ్చాడు, మా పాత హీరో లారెన్స్ టేలర్ వచ్చాడు. మొదటిసారి బంతి మా చేతికి రాగానే ఏడు ప్రయత్నాల్లో మైదానమంతా దాటి, బంతిని చివరి గీత దాటించి టచ్‌డౌన్ కొట్టారు. ఆ అరుపు నా ఛాతీలో ఇంకా ఉంది. పదకొండేళ్ల మా వాడు నా మెడ పట్టుకుని వేలాడాడు. కీనన్‌లో నేను చూసిన అత్యంత ఆనందమైన నిమిషం అదే అని ప్రమాణం చేసి చెప్తాను.

తర్వాత టీసీయూ వరసగా 41 పాయింట్లు కొట్టింది. 48–14. మూడో క్వార్టర్‌లోనే జనం మెట్లు దిగడం మొదలుపెట్టారు. మేం చివరిదాకా కూర్చున్నాం, ఎందుకంటే మధ్యలో లేచి వెళ్లడం మా ఇంట్లో లేదు. కానీ ఆ ఖాళీ అయిపోయిన స్టాండ్స్‌లో కూర్చుని ఒక విషయం గమనించాను. మైదానంలో ఉన్నవాళ్లలో నాకు తెలిసిన పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జట్టులో 70 మంది దాకా కొత్తవాళ్లు. మునుపు ఏ నంబర్ చూసినా ఏ ఊరివాడు, ఎప్పుడు చేరాడు, మొదటి ఏడాది ఎంత తడబడ్డాడు అన్నీ చెప్పేవాణ్ణి. ఓడిపోయినా మనవాళ్లు ఓడిపోయారు అనిపించేది. ఆ రాత్రి ఎవరో ఓడిపోయారు, నేను చూశాను, అంతే.

సెప్టెంబర్‌లో షార్లెట్‌నీ, రిచ్‌మండ్‌నీ గెలిచాం, యూసీఎఫ్ చేతిలో 34–9తో ఓడాం. అక్టోబర్ 4న క్లెమ్సన్ మొదటి క్వార్టర్‌లోనే 28 పాయింట్లు పెట్టింది. టీవీ తిప్పితే మా ఆట కన్నా మా కోచ్ వ్యక్తిగత జీవితం గురించే ఎక్కువ చర్చ. ఆ విషయాలు నాకు అనవసరం, ఎవరి జీవితం వాళ్లది. కానీ ఆ కుర్రాళ్లు పొద్దున్నే లేచి ప్రాక్టీస్ చేస్తుంటే వాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేకపోవడం మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. ఇది వాళ్ల జట్టు, వాళ్ల నాలుగేళ్లు. వాళ్లు వేరే ఎవరి కథలోనో వెనకాల నిలబడే మనుషుల్లా అయిపోయారు.

ఇక్కడ ఆపేస్తే బెలిచిక్ వద్దనేవాళ్ల గుంపులో నేనూ ఒకణ్ణి అవుతాను. కానీ అక్టోబర్ రెండో సగం సంగతి చెప్పకపోతే అన్యాయం.

17న కాలిఫోర్నియాలో మ్యాచ్, మాకు రాత్రి పదిన్నరకి మొదలు. 21–18తో వెనకబడి ఉన్నాం, ఆట ఇంకో నాలుగు నిమిషాల లోపే ఉంది, మా కుర్రాడు ఒకడు బంతి పట్టుకుని గీత దాకా దూసుకెళ్లాడు, గీత ముట్టబోయే క్షణంలో బంతి చేజారింది. రాత్రి రెండు కావస్తోంది, సోఫాలో నేనూ మా వాడూ మాట్లాడకుండా కూర్చున్నాం. ఎనిమిది రోజుల తర్వాత వర్జీనియా, దేశంలో టాప్ 20లో ఉన్న జట్టు, మా మైదానంలో. ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. వాళ్లు 17, మేం టచ్‌డౌన్ కొట్టి 16. బంతిని తన్ని ఒక్క పాయింట్ తీసుకుని సమం చేయొచ్చు, ఇంకో రౌండ్ ఆడొచ్చు. బెలిచిక్ బంతిని మళ్లీ గీత దాటిస్తే వచ్చే రెండు పాయింట్లకు వెళ్లారు. గెలుపో ఓటమో ఇక్కడే తేలిపోవాలని. గీతకి కొన్ని అంగుళాల దూరంలో మా ఆటగాణ్ణి ఆపేశారు.

ఓడిపోయాం. కానీ స్టేడియంలో ఎవరూ కదల్లేదు. ఆ కుర్రాడు నేల మీద అలాగే ఉండిపోయాడు, ఇద్దరు ముగ్గురు వెళ్లి లేపారు. సెప్టెంబర్‌లో ఒకరికొకరు తెలియని 70 మంది ఇప్పుడు ఒకణ్ణొకడు లేపుతున్నారు. మా డిఫెన్స్ ఆ రోజు మామూలు ఆటలో 10 పాయింట్లే ఇచ్చింది. ఏడాది ముందు 70 ఇచ్చిన చోటే ఇది. ఎవరో నేర్పకుండా ఇది రాదు. ఆ మనిషికి ఆట తెలుసు, పిల్లలకు నేర్పడం కూడా తెలుసని ఆ రోజు ఒప్పుకున్నాను. మళ్లీ పేర్లు గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టింది కూడా ఆ రోజే. తర్వాత సిరక్యూస్‌నీ, స్టాన్‌ఫోర్డ్‌నీ వరసగా గెలిచారు.

చివరి మూడూ పోయాయి. వేక్ ఫారెస్ట్, డ్యూక్, ఎన్సీ స్టేట్, మూడూ పక్క ఊళ్ల జట్లే. అందులో డ్యూక్ మ్యాచ్ మాత్రం నాకింకా మింగుడుపడలేదు. "బీట్ డ్యూక్" అన్న మనిషి, మా మైదానంలో, ఆఖరి నిమిషాల్లో వాళ్లు బంతిని కాలితో తన్ని ఫీల్డ్ గోల్ కొడుతున్నట్టు నటించి బంతితో పరిగెత్తారు. ఆట చదవడంలో ఆయనంతటివాడు లేడని పేరు, ఆయన జట్టు మీదే ఆ ఎత్తు పారింది. 32–25. గెలిచినవాళ్లకు దక్కే విక్టరీ బెల్ డర్హమ్ వెళ్లిపోయింది. నా స్నేహితుడు ఆ రాత్రి ఫోన్ చేసి ఏమీ అనలేదు, "తిన్నావా?" అని మాత్రం అడిగాడు.

మొత్తం 12లో 4 గెలుపులు. మ్యాక్ బ్రౌన్ చివరి ఏడాది 6 గెలిస్తే చాలదని పంపేశారు. ఆ తర్వాత అఫెన్స్ (పాయింట్లు చేసే దాడి ఆట) చూసే ఫ్రెడ్డీ కిచెన్స్‌ను తీసేసి బాబీ పెట్రినోను తెచ్చారు. ఇంకో ఏడాది ఇవ్వాలా అంటే, ఇవ్వాలి. ఒక్క ఏడాదిలో జట్టు కట్టి చూపించమనడం న్యాయం కాదు, వర్జీనియా మ్యాచ్ చూసిన కళ్లతో ఆ మాట అనలేను. కానీ ఆయన నుంచి నాకు కావాల్సింది సూపర్ బౌల్ ఉంగరాల తెలివి కాదు. ఈ ఏడాది చేరిన పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు నాలుగో ఏడాదికీ ఇక్కడే ఉండేలా చేయాలి. దెబ్బ తగిలి కూర్చున్నవాడి పేరు కూడా ఆయన నోటి వెంట రావాలి. అది చేస్తే ఇంకో రెండేళ్లు ఓడినా నేను నా సీట్లో ఉంటాను. అది చేయకుండా పది గెలిచినా ఏం సంతోషపడతానో నాకు తెలియట్లేదు.

2026 జనవరి 2న పోర్టల్ తెరుచుకుంది. మా అబ్బాయి తన గదిలో గోడకి ఒక చార్ట్ అంటించాడు, వర్జీనియా మ్యాచ్‌లో ఆడినవాళ్లందరి పేర్లూ నంబర్లతో సహా రాసి. స్కూల్ నుంచి రాగానే ఫోన్ అడిగి చూస్తాడు. వెళ్లిపోతున్నట్టు చెప్పినవాడి పేరు మీద పెన్సిల్‌తో గీత గీస్తాడు. పెన్నుతో ఎందుకు గీయవని అడిగితే, "మనసు మార్చుకుంటే చెరిపేయొచ్చు నాన్నా" అన్నాడు.