షాపాయన ఏమిస్తే అదే

మా వరంగల్ సైడు రెండు మూడెకరాల పత్తి రైతు విత్తనం ఎట్ల ఎంచుకుంటడంటే, పోయినేడు పక్క చేన్ల ఏది బాగా కాసిందో అదే అడుగుతడు, అది దొరక్కపోతే షాపాయన ఇచ్చిందే తెచ్చుకుంటడు, ఉద్దెర ఇచ్చేది ఆయనే కదా మరి, పత్తి అమ్మినంక మిత్తితో కట్టాలె. ప్యాకెట్ల మీద పేర్లు బోలెడు గానీ లోపలుండేది దాదాపు అన్నిట్ల బీజీ-2 టెక్నాలజీనే, అంటే కాయ తొలిచే పురుగును చంపే గుణం విత్తనంలనే పెట్టిన బీటీ పత్తిల రెండో తరం. మొదటి బీటీ 2002ల వచ్చినప్పుడు శనగపచ్చ పురుగు తగ్గింది, ఇప్పుడు గులాబీ పురుగు దానికి లొంగుతలేదు, మళ్ల మందులే.

ఎరువుల కథ వేరే. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, భాస్వరం ఎక్కువుండే డీఏపీ 50 కిలోలు 1350. ఇంత తేడా ఉంటే ఎవరైనా యూరియానే గుమ్మరిస్తరు, పైగా వేసిన కొద్దిరోజులకే చేను ముదురు పచ్చగా కనబడుతది. కానీ యూరియాల ఉండే నత్రజని ఎక్కువైతే ఆకు లేతగుండి రసం పీల్చే పచ్చదోమ ముసురుతది, అప్పుడు మళ్ల అదే షాపుకు! పొటాష్ చాలామంది ముట్టరు. మట్టి పరీక్ష చేసి ఇచ్చే భూసార కార్డు ఉన్నోళ్లు గూడ దాన్ని పాస్‌బుక్కుల దాచిపెడతరు, దాంట్ల పోషకాలు కిలోల లెక్కల ఉంటయి, షాపుల బస్తాల లెక్క, ఎవరు కూర్చొని కూడాలె? మా చిన్నాయన మాత్రం యూరియా ఒక్కసారే చల్లడు, తేమ చూసి మూడు నాలుగు విడతలుగా మొక్కకు జానెడు దూరంల వేస్తడు.