ఆరు పేస్లిప్పులు, ఒక పెళ్ళి ధ్రువపత్రం

2025 మే నెలలో నేను బ్రిటన్ జీవిత భాగస్వామి వీసాకు దరఖాస్తు చేశాను. మా ఆయనది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్. ఉద్యోగరీత్యా వచ్చి మూడేళ్ళకు పైగా గచ్చిబౌలిలో ఉన్నారు. మాది నల్లకుంట. ఇద్దరి పౌరసత్వాలూ మతాలూ వేరు కనుక 2024 ఫిబ్రవరిలో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకున్నాం. ఆ చట్టం ప్రకారం ముందుగా ఇచ్చిన నోటీసును సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటిస్తారు. ముప్పై రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ముగ్గురు సాక్షుల ఎదుట సంతకాలు పెట్టిస్తారు. మా మేనమామ, పిన్ని, నా స్నేహితురాలు సాక్షులుగా నిలిచారు. ఆ రోజు చేతికొచ్చిన ధ్రువపత్రమే తర్వాత ఈ దరఖాస్తుకంతటికీ మూలమైంది.

ఈ వీసాలో అన్నిటికన్నా బరువైనది ఆదాయపు నిబంధన. మా పెళ్ళినాటికి బ్రిటన్‌లోని భాగస్వామికి ఏడాదికి 18,600 పౌండ్ల సంపాదన ఉంటే సరిపోయేది. 2012 నుంచీ అదే లెక్క. 2024 ఏప్రిల్ 11 నుంచి ఆ మొత్తాన్ని ఒక్కసారిగా 29,000 పౌండ్లకు పెంచారు. ఆయనకు షెఫీల్డ్‌లో మొదట వచ్చిన ఉద్యోగం పాత లెక్కకు చాలేది, కొత్త లెక్కకు చాలలేదు. అందుకని మరో ఉద్యోగం దొరికేదాకా ఆగి, ఆ అక్టోబరులో ఆయన ఒక్కరే వెళ్ళారు. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు పనిచేసి, ఆరు పేస్లిప్పులు, ఆ జీతాలు జమ అయినట్టు చూపే బ్యాంక్ స్టేట్‌మెంట్లు సిద్ధం చేసుకుంటే నేరుగా జీతం ఆధారంగా దరఖాస్తు చేసే దారి తెరుచుకుంటుంది. పేస్లిప్పులో ఉన్న నికర జీతం, బ్యాంకులో పడిన మొత్తం ఏ నెలకానెల కలవాలి. చివరి పేస్లిప్పు దరఖాస్తు తేదీకి 28 రోజుల లోపుదై ఉండాలి. అంటే మాలాంటి భార్యాభర్తలు కలిసి ఉండటానికి అనుమతి కోరాలంటే ముందుగా విడిగా ఉండాలి. ఈ నిబంధన వెనుక ప్రభుత్వం చెప్పే కారణం నాకు అర్థమవుతుంది. వచ్చినవారు ప్రజాధనంపై ఆధారపడకూడదనేది దాని ఉద్దేశం. అయినా తక్కువ జీతగాళ్ళ కాపురాలనే ఇది ఎక్కువ కాలం విడదీస్తుందని నా అభిప్రాయం, ఆ అభిప్రాయాన్ని దాచుకోను.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ దరఖాస్తు ఆ రెండింటికీ కాగితాలు అడుగుతుంది. ఇంటి సంగతి తేలికగానే తేలింది. అద్దె ఒప్పందం, నేను అక్కడ ఉండటానికి అభ్యంతరం లేదని ఇంటి యజమాని రాసిన ఉత్తరం పెట్టాం.

నా పేరు మాత్రం చాలా రోజులు తిప్పింది. ఎస్సెస్సీ మెమోలో మా ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంది. డిగ్రీ పట్టాలో అసలు లేదు. పాస్‌పోర్టులో పూర్తిగా, వేరే గడిలో ఉంది. మనకు ఇది మామూలే, ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది. కానీ ఈ మూడు కాగితాలను వరుసగా చూసే పరాయి అధికారికి అవి ముగ్గురు మనుషులవిగా కనిపించవచ్చు. మూడు పేర్లూ నావేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాను. దరఖాస్తులో మాత్రం మొదటినుంచి చివరిదాకా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాశాను. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోకపోవడం ఇక్కడ మేలే చేసింది.

నేను ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చదివాను. ఇంగ్లిషులో బోధించిన డిగ్రీ ఉంటే భాషా పరీక్ష తప్పుతుంది, నాకు ఆ వెసులుబాటు లేదు. అందువల్ల మాట్లాడటం, వినడం మాత్రమే ఉండే ఏ1 స్థాయి, అంటే అన్నిటికన్నా కింది మెట్టు పరీక్షకు కూర్చున్నాను. పరీక్షకుని ఎదుట ఇద్దరు అభ్యర్థులు కలిసి మాట్లాడాలి. నాకు జోడీగా నిజామాబాద్ నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. లోపలికి పిలిచేలోపు ఆమె నా మోచేయి పట్టుకుని, "మీ ఆయన గూడ ఆడనే ఉన్నడా అక్కా?" అని అడిగింది. ఆ చేయి మంచులా చల్లగా ఉంది. పరీక్ష ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఇద్దరం ఒకరి ప్రశ్నకు ఒకరం జవాబు చెప్పుకుంటూ, బజారుకు వెళ్ళి కూరగాయలు కొనడం గురించి మాట్లాడుకున్నాం. ఆమె కూడా నెగ్గి ఉంటుందనే నా నమ్మకం. గుర్తింపు పొందిన క్లినిక్‌లో ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, క్షయ లేదన్న ధ్రువపత్రం తెచ్చుకోవడం ఒక్క పూట పని. అది ఆరు నెలలే చెల్లుతుంది కనుక మరీ ముందుగా తీసుకోకూడదు.

ఇక మిగిలింది మా బంధం నిజమైనదని చూపించడం. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళితే, పేర్లు మార్చి వాడుకొమ్మని అచ్చు వేసి ఉంచిన కవర్ లెటర్, అంటే దరఖాస్తుతో జతచేసే ఉత్తరం, నా చేతిలో పెట్టారు. అందులో ఉన్న దంపతులు ఒకరినొకరు తొలిచూపులోనే ప్రేమించుకున్నారు. మేము అలా కాదు. మొదటి ఏడాది మాది స్నేహమే. ఆ ఉత్తరాన్ని పక్కన పడేసి మూడు రోజులు కూర్చుని నాదే రాశాను. ఎక్కడ కలిశాం, మా అమ్మానాన్నలకు ఎప్పుడు చెప్పాను, వాళ్ళు ఎన్ని నెలలు మాట్లాడలేదు, ఆయన ఏ పండుగకు మొదటిసారి మా ఇంటికి వచ్చారు, అన్నీ తేదీలతో సహా రాశాను. ఆ నెలలు రాస్తున్నప్పుడు కళ్ళు తడిశాయి. అయినా ఆ భాగాన్ని తీసేయలేదు. ఈ దరఖాస్తు చేయబోయేవారికి నేను చెప్పేది ఒకటే, ఆ ఉత్తరం మీరే రాయండి.

దానికి తోడుగా నెలకు రెండు మూడు పేజీల చొప్పున మా వాట్సాప్ సంభాషణలు పెట్టాం. ఇంగ్లిషులో గానీ వెల్ష్‌లో గానీ లేని ప్రతి కాగితానికీ ధ్రువీకరించిన అనువాదం జతచేయాలి. ఆయన ఇంగ్లిషులోనే రాస్తారు, ఒక్క మాట తప్ప. చలికాలంలో అక్కడ సాయంత్రం ఆరయితే ఇక్కడ రాత్రి పదకొండున్నర. ఆఫీసు నుంచి బయటపడగానే ఆయన రాసే మొదటి మాట "తిన్నావా". మా అమ్మ రోజూ ఆయనను అడిగే మాట అది, ఆయన తెలుగులో నేర్చుకున్న మొదటి మాటా అదే. హిమాయత్‌నగర్‌లోని అనువాదకుడు దాదాపు ప్రతి పేజీలో దాని కింద గీత గీసి, పక్కన ఇంగ్లిషు అర్థం రాసి, ముద్ర వేసి ఇచ్చారు. చివరి పేజీ ఇస్తూ, "ఆయన మిమ్మల్ని బాగానే కనిపెట్టుకుంటున్నారమ్మా" అన్నారు. ఆ పుటలు చూసిన తర్వాత నాకు భయం తగ్గింది.

నేను దరఖాస్తు చేసేనాటికి రుసుము 1,938 పౌండ్లు. అక్కడి ప్రభుత్వ వైద్యసేవ కోసం కట్టే ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 1,035 చొప్పున మూడేళ్ళకు 3,105. రెండూ కలిపి రూపాయల్లో ఐదున్నర లక్షలు దాటింది. మా నాన్న తన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి ఇస్తానన్నారు. వద్దని ఇద్దరం మా పొదుపులోంచే కట్టుకున్నాం. కాగితాలన్నీ పీడీఎఫ్‌లుగా ముందే అప్‌లోడ్ చేసినందువల్ల వీసా కేంద్రంలో వేలిముద్రలు, ఫోటో తప్ప వేరే పని లేకపోయింది. నిర్ణయానికి సాధారణంగా 12 వారాలు పడుతుందన్నారు.

పదో వారంలో అనుమతి వచ్చింది, 33 నెలలకు. ఆ గడువు ముగిసేలోగా ఏ1 పై మెట్టయిన ఏ2 పరీక్ష నెగ్గి, ఇవే కాగితాల కొత్త ప్రతులతో మరో 30 నెలలకు పొడిగింపు కోరాలి. శాశ్వత నివాసానికి అర్హత రావడానికి ఐదేళ్ళు నిండాలి. ఆ మాట చెప్పగానే నాన్న మొత్తం ఫైలును జిరాక్స్ తీయించి, అట్ట మీద తేదీ వేసి, ఇనప్పెట్టెలో నా ఎస్సెస్సీ మెమో పక్కన పెట్టారు.