మాల్వెర్న్ కొండల కింద మోర్గాన్ కార్ఖానా

ఇంగ్లండ్‌లో మోర్గాన్ స్పోర్ట్స్ కార్లు తయారయ్యే కార్ఖానా చూడాలంటే లండన్ పాడింగ్టన్ నుంచి వచ్చే రైల్లో గ్రేట్ మాల్వెర్న్‌ దాకా పోనక్కర్లేదు. ఒక స్టేషను ముందే, మాల్వెర్న్ లింక్‌లో దిగితే కార్ఖానా ఉన్న పికర్స్‌లీ రోడ్డు నడిచే దూరం. టూర్ టికెట్టు ముందే తీసుకోవాలి. షెడ్లన్నీ పాత ఎర్ర ఇటుకలవి, నేల వాలుగా ఉంటుంది.

కంపెనీ పెట్టిన హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ 1909లో చేసింది మూడు చక్రాల బండి. దాన్ని మోటార్‌సైకిల్ కింద లెక్కగట్టేవారు కాబట్టి పన్ను తక్కువ. అమ్మకాలకు అదే ఊతం. నాలుగు చక్రాల 4-4 అనే మోడల్ వచ్చింది 1936లో.

మోర్గాన్ కార్లలో చెక్క వాడతారు. కారు మొత్తాన్ని మోసే అడుగు చట్రం, అంటే ఛాసిస్ కూడా చెక్కే అనుకుని వచ్చేవాళ్లు చాలామంది. కాదు. మొన్నమొన్నటి దాకా అది ఉక్కు, ఇప్పుడు అల్యూమినియం. చెక్క ఉండేది బాడీ లోపలి అస్థిపంజరంలోనే, అదీ యాష్ కలప. నేను ఎక్కువసేపు నిలబడింది వడ్రంగి షెడ్డులో. వెనక చక్రం మీది వంపు కోసం పలచటి యాష్ పట్టీలకు జిగురు పూసి, ఒకదానిమీదొకటి పేర్చి, అచ్చులో క్లాంపులతో బిగిస్తారు. ఒక్క దుంగలో ఆ వంపు కోస్తే పీచు అడ్డంగా తెగి అక్కడే విరుగుతుంది. పట్టీలైతే పీచు వంపు వెంటే పోతుంది.

పాత మోర్గాన్ కొనేవాళ్లు మెరుపు చూసి మోసపోకూడదు. చెక్కకు కుళ్లు మొదలయ్యేది తలుపు కీళ్లు బిగించే స్తంభం అడుగున, వెనక చక్రం విసిరే బురద పేరుకునే మూలల్లో. తలుపు తెరిచి, కొసన పట్టుకుని పైకెత్తండి. కీలుతోపాటు స్తంభమూ కదిలితే చెక్క పోయినట్టే, స్క్రూలు బిగించినా నిలవవు.

చూడాల్సిన రెండోది స్లైడింగ్ పిల్లర్. 1909 నుంచి ఉక్కు ఛాసిస్ ఆగేదాకా ముందు సస్పెన్షన్ ఇదే: నిలువు కడ్డీ మీద స్టబ్ యాక్సిల్, అంటే చక్రం తిరిగే పొట్టి ఇరుసు, పైకీ కిందికీ జారుతుంది. గ్రీజు అందకపోతే కడ్డీ చుట్టూ ఉండే గొట్టాల్లాంటి బుష్‌లు అరిగి స్టీరింగు వణుకుతుంది. ముందు చక్రం జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. అప్పుడు లూజు పోతే తప్పు వీల్ బేరింగ్‌ది, అలాగే ఉంటే బుష్‌లది. బేరింగ్ చవక; బుష్‌లకు మాత్రం పిల్లర్ మొత్తం విప్పాలి, బేరమాడేటప్పుడు ఆ ఖర్చు తగ్గించి అడగండి.