డిక్కీలో ఉడికిన ఇన్సులిన్

పోయిన మే నెలలో అమ్మకు ఇన్సులిన్ కొని స్కూటర్ డిక్కీలో పెట్టాను. టవర్ క్లాక్ దగ్గర పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి మూడు గంటలు గడిచిపోయాయి. అనంతపురం ఎండ సంగతి తెలిసిందే కదా, సీటు మీద చెయ్యి పెడితే చుర్రుమంది.

"ఫ్రిజ్‌లో పెడితే చల్లబడుతుంది లేరా" అంది అమ్మ.

చల్లబడుతుంది. చెడిపోయి ఉంటే మాత్రం బాగుపడదు. ఉడికిన గుడ్డు ఫ్రిజ్‌లో పెడితే పచ్చిగుడ్డు అవుతుందా?

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. రెండు గొలుసులు, వాటిని కట్టి ఉంచే గంధకపు బంధాలు. ఆ గొలుసులు సరైన మడతలో ఉంటేనే మందు పనిచేస్తుంది. వేడికి, కుదుపులకు మడత విప్పుకుంటుంది. నీటికి దూరంగా లోపల దాక్కున్న భాగాలు బయటపడి, ఒక అణువు ఇంకోదానికి అతుక్కుని సన్నని పోగుల్లా పేరుకుంటాయి. గొలుసు తెగనక్కర్లేదు, ఆకారం పోతే చాలు.

ఇంకో నష్టం నిదానంగా జరుగుతుంది. ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం నుంచి అమ్మోనియా ఊడిపోయి గొలుసే మారిపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఇదీ వేగం పుంజుకుంటుంది. కంటికి కనబడదు, కాబట్టి సీసా తేటగా ఉందని ధీమా పడలేం. గడ్డకట్టినా పాడే. మా పక్కింటాయన ఫ్రీజర్‌లో పెట్టేవాడు, పాపం.

టెన్షన్ ఎందుకని కొత్త సీసా కొన్నాను. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంటాయి. వాడుతున్నది మాత్రం, కరెంటు పోతే, తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టికుండలోకి పోతుంది. ఒకప్పుడు అది అమ్మ మజ్జిగ కుండ.